నాలుగు స్క్రూల ప్లేటు

ఏడుగురు ఆడవాళ్లు ఒక్కసారిగా నా ఆఫీసులోకి వచ్చారు. నాకున్నవి రెండే కుర్చీలు. ఇద్దరు కూర్చున్నారు, నలుగురు గోడకు ఆనుకున్నారు, అందరిలోకీ పెద్దామె మాత్రం నా బల్ల ముందు నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. గడియారం పన్నెండూ పది చూపిస్తోంది.

"డిటెక్టివు నువ్వేనా అమ్మాయ్?"

"నేనే."

"మగవాళ్లెవరో ఉంటారనుకున్నాం."

"మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. చెప్పండి, ఏం జరిగింది?"

వాళ్లు ఆసుపత్రి లాండ్రీలో బట్టలుతికేవాళ్లు. పెద్దామెను మిగతా ఆరుగురూ పెద్దక్క అంటారు. ముందురోజు పొద్దున వాళ్ల లాండ్రీలో వేణ్నీళ్ల హీటరు పేలింది. గోడ ఒకటి కూలింది, పైకప్పు రేకులు వీధిలో పడ్డాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

"పోలేదంటే ఊరికే పోలేదు," అంది పెద్దక్క. "పైపుల బాబాయి ఉన్నాడు కాబట్టి పోలేదు. పది నలభై ఒకటికి హీటరు మీద సేఫ్టీ వాల్వు ఈల వేసింది. నా మిషనులో వాష్ అయిపోవడానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది, ఆ లెక్కన చెప్తున్నా. ఈల వేసి ఆగిపోతే ఫరవాలేదని బాబాయి ఎప్పుడూ చెప్తాడు. అది ఆగలేదు. గేజి ముల్లు చూశాడు, కిందికి రాలేదు. చేతిలో పని చేతిలోనే వదిలేసి బయటికి పొమ్మన్నాడు. ఇది కావాలి, అది తీసుకుంటానంటూ మేం తటపటాయిస్తుంటే మమ్మల్ని తిట్టాడమ్మాయ్. ముప్పై ఏళ్లలో ఆయన నోట తిట్టు వినలేదు."

"తర్వాత?"

"వాకిట్లో నిలబెట్టి లెక్కపెట్టాడు. ఏడుగురం. అప్పుడు మళ్లీ లోపలికెళ్లాడు, గ్యాసు కట్టేద్దామని. ఎర్ర పిడి హీటరు పక్కనే ఉంటుంది. సగం తిప్పాడో లేదో..." ఆమె ఆగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. ఆ చేతులకి ఇవాళ నాలుగింటికి బేడీలు వేస్తారట. హీటరుకి తప్పు వాల్వు బిగించింది ఆయనేనట. పెద్దది అమ్మేసుకుని చిన్నది పెట్టాడట."

గోడకానుకున్న వాళ్లలో ఒకామె మెల్లగా అంది. "మాకు రెండింటికి డ్యూటీ ఉందండి. అందుకే ఇప్పుడే వచ్చాం."

"లాండ్రీ పోయింది కదా, ఇంకెక్కడ డ్యూటీ?"

"ఎక్కడో ఒకచోట వేస్తారు. బట్టలు ఆగవు కదండీ."

నేను ఇంకేమీ అడగలేదు. అడగాల్సింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

డిటెక్టివు పని మొదలుపెట్టకముందు ఇరవై ఏళ్లు ఒక నిర్మాణ కంపెనీలో కాంట్రాక్టు కాగితాలు టైపు చేశాను. పంపులు, వాల్వులు, హీటర్లు, పైపులు, వాటి కొలతలు, షరతులు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ చదువు ఇన్నాళ్లకు ఎవరికైనా పనికొస్తుందంటే నాకూ ఉత్సాహం వచ్చింది. నాలుగింటికి ఇంకా మూడుగంటల యాభై నిమిషాలుంది. సంచీ భుజాన వేసుకున్నాను.

*

పేలిన గది దగ్గర బీమా కంపెనీ సర్వేయరు కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. ఆయనకూ నాకూ పాత పరిచయం, అంటే పాత పేచీ. జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని లాగుతూ వదులుతూ ఉంటాడు. ఆ చప్పుడుకే సగం మంది సాక్షులు ఏది అడిగితే అది ఒప్పేసుకుంటారు.

"ఆలస్యంగా వచ్చారు మేడం. నా రిపోర్టు అయిపోయింది."

"సంతకం పెట్టారా?"

"నాలుగింటికి పెడతాను. పోలీసు అధికారి వస్తానన్నాడు."

"అయితే ఇంకా అయిపోలేదన్నమాట. లోపలికి రానివ్వండి."

కాసేపు టేపు లాగి, వదిలి, పక్కకు జరిగాడు. మొండివాడే గానీ దారికి అడ్డం పడేవాడు కాదు.

గదంతా సున్నపు దుమ్ము. గోడకున్న పూతంతా రాలి, ప్రతి వస్తువు మీదా తెల్లటి పొరలా పేరుకుంది. హీటరు పీపా అతుకు వెంబడి నిలువునా చీలి, ఎదుటి గోడకు కొట్టుకుని పడి ఉంది. సేఫ్టీ వాల్వు మాత్రం చెక్కుచెదరకుండా పీపా తలమీదే ఉంది. ఇత్తడి ముక్క, నా పిడికిలంత.

"చూసుకోండి," అన్నాడు సర్వేయరు. "ఇత్తడిలోనే పోతపోసిన అంకె. నూట ఇరవై. అంటే నూట ఇరవై కిలోవాట్ల వేడి వరకే ఈ వాల్వు ఆవిరిని బయటికి వదలగలదు. హీటరు మూడు వందలది. మంటను ఆపే కంట్రోలు మొరాయించింది, వాల్వు సరిపోలేదు, పేలింది. స్టోరు రిజిస్టరులో మాత్రం మూడు వందల వాల్వు ఇచ్చినట్టుంది. తీసుకున్నట్టు మీ బాబాయి వేలిముద్ర ఉంది. పెద్దది ఏమైంది?"

"రెండు వాల్వులకీ పైపు నోరు ఒకటేనా?"

"రెండూ అంగుళమే. పైకి చూస్తే తేడా తెలియదు."

నోరు ఒకటే, గొంతు వేరు. ఇరవై ఏళ్లు టైపు చేసిన షరతు గుర్తొచ్చింది. ఈ వృత్తిలో అందరూ చేసే తప్పు అదే. పైపు అంగుళమైతే వాల్వూ అంగుళమే అనుకుని ఊరుకుంటారు.

వంగి చూశాను. వాల్వు నిండా దుమ్మే. పోతపోసిన ఆ అంకె చుట్టూ మాత్రం అగ్గిపెట్టె మూతంత జాగా తళతళా మెరుస్తోంది. దాని నాలుగు మూలలా నాలుగు చిన్న రంధ్రాలు.

"ఇక్కడ ప్లేటు ఉండేది," అన్నాను.

"ఉండే ఉంటుంది. పేలుడుకి ఎగిరిపోయింది."

"ముందు పేలింది. ఆ తర్వాత దుమ్ము రాలింది. పేలుడుకే ప్లేటు ఎగిరిపోతే ఈ జాగా మీద కూడా దుమ్ము పడాలి కదా."

టేపు చప్పుడు ఆగింది. "ఎవరైనా తుడిచారేమో."

"నాలుగు మూలలూ గీత గీసినట్టు తుడిచారా? ఇటు రండి." పెన్సిలు మొన ఒక రంధ్రంలో పెట్టి తిప్పాను. లోపలి మర గీతలు మొనకు గరగరా తగిలాయి. "బలవంతంగా పీకి ఉంటే ఈ మర చెదిరిపోయేది. చక్కగా ఉంది. దుమ్మంతా సర్దుకున్నాక ఎవరో తీరిగ్గా కూర్చుని స్క్రూలు విప్పి ప్లేటు పట్టుకెళ్లారు. బాబాయి అప్పటికి స్ట్రెచరు మీద ఉన్నాడు."

నేను వాకిట్లోకి వచ్చి కాపలాదారు రిజిస్టరు అడిగి చూశాను. పది నలభై ఏడుకు పేలింది. పది యాభై ఎనిమిదికి అగ్నిమాపక బండి వచ్చింది. పదకొండూ ఆరుకు బాబాయిని వార్డుకి తీసుకెళ్లారు. పదకొండూ ఇరవైకి కాంట్రాక్టరు ఇంజనీరు లోపలికి వెళ్లి, ముప్పై రెండుకి బయటికి వచ్చాడు. పన్నెండున్నరకు సర్వేయరు వచ్చి గదికి సీలు వేశాడు.

"పన్నెండు నిమిషాలు," అన్నాను.

"చూడ్డానికి వచ్చి ఉంటాడు. ఆయన పెట్టించిన హీటరు కదా," అన్నాడు సర్వేయరు. కానీ నా వెనకే నడిచాడు.

*

ఇంజనీరు గది ఆసుపత్రి ఆవరణలోనే, ఒక మూల. ఇస్త్రీ నలగని చొక్కా, రెండు పెన్నులు, బల్ల మీద ఫైళ్లన్నీ అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. టైము రెండూ పది. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మర్యాదకు లోటు చేయలేదు.

"ఆ ముసలాయన్ని చూస్తే జాలేస్తుంది మేడం. అన్నేళ్ల పనివాడు. ఆశపడ్డాడు పాపం."

"కాంట్రాక్టు ఒకసారి చూపిస్తారా?"

ఫైలు నా వైపు తోశాడు. నాకు కావాల్సిన షరతు పద్నాలుగో పేజీలో ఉంది. పైకే చదివాను. "సేఫ్టీ వాల్వు పరిమాణమును పైపు కొలతను బట్టి కాక, హీటరు పూర్తి శక్తిని బట్టి లెక్కగట్టి నిర్ణయించవలెను. లెక్క పత్రమును జతపరచవలెను. హీటరు మారినచో లెక్క తిరిగి చేయవలెను." తల ఎత్తాను. "లెక్క పత్రం?"

"వెనకే ఉంది. మూడు వందల కిలోవాట్ల హీటరు, మూడు వందల వాల్వు. సంతకం నాదే."

"మొదట్లో హీటరు వందదే కదా. మార్పు ఉత్తర్వు ఇక్కడుంది. పంతొమ్మిదో తారీకు."

"అవును. ఆసుపత్రి వాళ్లు పెద్దది కావాలన్నారు."

"మరి వాల్వులు తయారుచేసే వాళ్లకి మీరు ఆర్డరు పెట్టింది నాలుగో తారీకు. అంటే హీటరు పెరుగుతుందని పదిహేను రోజుల ముందే తెలిసిపోయిందా? అంత ముందుచూపు ఉన్నవాళ్లు మా కంపెనీలో ఒక్కరూ ఉండేవారు కారు."

నీళ్లు నమిలాడు. "ఆ... ఆర్డరు తర్వాత సవరించాం. నోటిమాటగా."

"నోటిమాటగా." ఆ మాటే పెన్సిలుతో రాసుకున్నాను. నేను రాసుకోవడం ఆయనకు నచ్చలేదు. "వచ్చిన వాల్వును మీరు చూశారా?"

"లేదండీ. పెట్టెకు సీలు వేసి నేరుగా స్టోరుకి వస్తుంది. స్టోరు నుంచి పనివాడి చేతికి వెళ్తుంది. నాది కాగితం పని. వాల్వు మొహం కూడా చూడలేదు."

"నిన్న పదకొండూ ఇరవైకి కూడా?"

"లోపలికి వెళ్లాను. అంతా దుమ్ము. ఏదీ కనపడలేదు, వచ్చేశాను."

"వాల్వు మీద ప్లేటు లేదండీ. అదొక్కటే దొరకట్లేదు."

"పేలుడు మామూలుగా పేలిందా? స్క్రూలు ఊడి ఎక్కడో పడి ఉంటుంది."

సర్వేయరు జేబులో టేపు ఒకసారి చప్పుడు చేసింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే వాల్వుల మీద ప్లేటును రివెట్లతో కొడతారు. నున్నటి బొడిపెలు, ఒకసారి కొడితే ఊడేవి కావు. స్క్రూలతో బిగించిన ప్లేటు ఫ్యాక్టరీ ప్లేటు కాదు. వాల్వు మొహం చూడని మనిషికి అక్కడ స్క్రూలున్నాయని ఎలా తెలుసు?

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. "క్షమించాలి, నాకు ఇంకో చోట పని ఉంది."

బయటికి రాగానే సర్వేయరు నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. "మేడం, ఆ మాట నేనూ విన్నాను. కానీ ఒక్క మాటని పట్టుకుని రిపోర్టు రాయలేను. స్క్రూల ప్లేటు ఉండేదని నిరూపించే కాగితం ఏది? ప్లేటు లేదు. చూసినవాడు ముసలాయన ఒక్కడే, ఆయనే ముద్దాయి. నాలుగింటికి సంతకం పెట్టక తప్పదు."

"మీకు మనసనేది ఉందా?"

"ఉంది. కాగితం కూడా ఉంటే బాగుంటుంది."

కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది ఆయన చెప్పింది నిజమే అయినందుకు. టైము రెండూ నలభై ఐదు.

*

బాబాయి మంచం కిటికీ పక్కన ఉంది. సన్నటి మనిషి, తెల్లటి మీసం, రెండు చేతులూ కట్లలో దిండ్ల మీద పరిచి ఉన్నాయి. పక్కన ఆయన కూతురు. చిన్న తరగతులకు పాఠాలు చెప్పే టీచరట. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"పెద్దక్క వాళ్లు పంపించారు," అన్నాను.

"వాళ్లు బాగున్నారా అమ్మా?" అని అడిగాడు ముందు. తన సంగతి అడగలేదు.

"బాగున్నారు బాబాయ్. మీ వల్లే ఉన్నామని చెప్పారు. వాళ్ల తరఫున నేను మీకు దణ్ణం పెట్టాలి."

"దణ్ణాలెందుకులే. వాల్వు బిగించింది నేనే. అది సరిపోలేదన్నది నిజమే కదా."

"నాన్నా, నువ్వు ఊరుకో," అంది కూతురు. నా వైపు తిరిగింది. "తప్పు నాదండీ. సరిపోయిందని చెప్పింది నేనే."

"నువ్వెలా చెప్పావు?"

ఆమె మంచం కింద నుంచి ఒక రేకు డబ్బా తీసింది. అందులో కాగితం చుట్ట, పరుపు చుట్టంత లావు. "నాన్నకి చదువు రాదు. అంకెలు కూడా రావు. అందుకని ఏది బిగించినా ముందు దాని ప్లేటు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతాడు. అచ్చు దిగుతుంది. సాయంత్రం ఇంటికి తెస్తే నేను చదివి కాంట్రాక్టు కాగితంతో సరిచూస్తాను. కుదిరితేనే మర్నాడు బిగిస్తాడు."

"ఎన్నాళ్లుగా?"

"ముప్పై ఏళ్లు," అన్నాడు బాబాయి. "అంతకుముందు స్టోరాయన చదివి చెప్పేవాడు, నేను బిగించేవాణ్ణి. ఒకరోజు తప్పు చదివాడు. పైపు ఊడి నాతో పనిచేసేవాడి కాలు పోయింది. ఆ రోజునుంచి ఎవరి నోటినీ నమ్మలేదమ్మా, కాగితాన్నే నమ్మాను. చివరికి కాగితమూ అబద్ధం చెప్పింది."

చుట్ట విప్పాము. మంచం చివరి నుంచి తలుపు దాకా పరుచుకుంది. పంపులు, వాల్వులు, గేజీలు, ఒక జీవితకాలపు పని, అంతా పెన్సిలు నలుపులో తెల్లగా తేలిన అంకెలు. చివర్లో ఉంది ఆ అచ్చు. మూడు వందల కిలోవాట్లు. అంగుళం. ఎక్కడా తేడా లేదు.

నా వెనకే వార్డుకి వచ్చిన సర్వేయరు నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. జేబులోంచి టేపు బదులు భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చుట్టలో వెనక్కి జరిగి పాత అచ్చు ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి చూసి, మళ్లీ చివరిదాని దగ్గరికి వచ్చాడు.

"మేడం, మూలలు చూడండి."

పాత అచ్చులన్నిటికీ నాలుగు మూలలా నున్నటి చుక్కలు. రివెట్లు. చివరి అచ్చుకు నాలుగు చుక్కల మీదా అడ్డంగా ఒక్కో సన్నటి గీత ఉంది, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పే గాడి.

బాబాయి చేయి కాగితం మీద అంత బలంగా రుద్దింది గనకే ఆ గీతలు దిగాయి. అంకెలు చదవలేని మనిషి, అంకెలు అబద్ధమాడిన చోట నిజాన్ని భద్రంగా దాచిపెట్టాడు.

"నూట ఇరవై వాల్వుల ఆర్డరు ముందే వెళ్లిపోయింది," అన్నాను. "హీటరు పెరిగాక లెక్క మళ్లీ చేయాలి, కొత్తవి తెప్పించాలి, పొరపాటు ఒప్పుకోవాలి. దానికి బదులు ఫ్యాక్టరీ ప్లేటు పీకేసి, మూడు వందలని చెక్కించిన ప్లేటు స్క్రూలతో బిగించాడు. పేలాక దాన్ని విప్పేస్తే కింద పోత అంకె బయటపడుతుంది, తప్పు బాబాయి మీదికి పోతుంది. అమ్మాయ్, నువ్వు సరిగ్గానే చదివావు. నీ తప్పేం లేదు."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. బాబాయి కట్టు కట్టిన చేతిని మెల్లగా జరిపి ఆమె తలకు ఆనించాడు.

సర్వేయరు లేచాడు. మోకాళ్ల దుమ్ము దులుపుకోలేదు. "పెద్దాయనా, నా రిపోర్టు తప్పు. ఈ కాగితం లేకపోతే నేను ఒక తప్పు మీద సంతకం పెట్టి రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి. మీకు రుణపడి ఉన్నాను."

ఆయన నోట ఆ మాట వింటానని నేను ఎన్నడూ అనుకోలేదు. మనసులోనే ఆయనకూ ఒక దణ్ణం పెట్టుకున్నాను. టైము మూడూ పది. చుట్ట చుట్టడానికి వంగాను.

చివరి అచ్చు పక్కన, మడతలో, ఇంకో అచ్చు ఉంది. అవే అంకెలు. నాలుగు మూలలా అవే గీతలు.

"ఇదేమిటి, ఒకదాన్నే రెండుసార్లు రుద్దారా?"

"కాదమ్మా," అన్నాడు బాబాయి. "అది రెండోది. వెనక వీధిలో చిన్న లాండ్రీ ఉంది చూడు, అక్కడిది."

వాల్వులు ఎన్ని అని ఇంజనీరుని అడగలేదు. ఇరవై ఏళ్లు ప్రతి పేజీలో సంఖ్య గడి నా చేత్తో టైపు చేశాను, ఈరోజు షరతు చదివి మురిసిపోయి ఆ గడి అడగడం మర్చిపోయాను. బట్టలు ఆగవు కదండీ అని ఆ ఆడమనిషి చెప్పిన మాట చెవిలో మోగింది.

"పెద్దక్క వాళ్లకి రెండింటి నుంచి డ్యూటీ," అన్నాను. "ఎక్కడో వేస్తారన్నారు."

బాబాయి మంచం మీద లేవబోయాడు. "రెండు లాండ్రీల బట్టలూ అక్కడే పడతాయి. నీళ్లు చాలవని కంట్రోలు చివరిదాకా తిప్పేస్తారు. పరుగెత్తమ్మా."

పరుగెత్తాను. యాభైకి దగ్గరపడిన మనిషి ఎంత పరుగెత్తగలదో అంతా పరుగెత్తాను. సర్వేయరు నన్ను దాటిపోయాడు.

*

సందు మలుపు తిరగకముందే ఈల వినిపించింది. సన్నగా, ఒకటే ధారగా. ఎక్కడా ఆగడం లేదు.

చిన్న లాండ్రీ ముందు, రోడ్డుకు అవతల, ఏడుగురు ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. తడి చేతులు, సబ్బు నురగ. ఎంచాను. మళ్లీ ఎంచాను. ఏడుగురే. అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పెద్దక్క వచ్చి నా భుజం పట్టుకుంది. "ఎందుకమ్మాయ్ ఆ పరుగు? ఈల వేసింది, ఆగలేదు, గ్యాసు కట్టేసి బయటికొచ్చాం. మూడూ పద్నాలుగుకి. బాబాయి నేర్పిన పాఠం ఒక్కరోజులో మర్చిపోతామా?"

"గ్యాసు ఎలా కట్టారు? పిడి హీటరు పక్కనే ఉంటుందన్నారు."

"అక్కడ అలా ఉంది. ఇది బిగించేటప్పుడు బాబాయి గొడవపడి గది బయట పెట్టించాడు." గోడ మీద ఎర్ర పిడి చూపించింది. అడ్డంగా తిరిగి ఉంది. ఈల అప్పటికే సన్నబడుతోంది. మంట ఆరితే నూట ఇరవై వాల్వు కూడా సరిపోతుంది. ఆ పిడికి నేను దణ్ణం పెట్టాను.

"ఒక పెద్దమనిషి మాత్రం లోపలే ఉన్నాడు," అంది ఇంకొకామె. "బయటికి రా బాబూ అని మూడుసార్లు పిలిచాం. మమ్మల్నే వెళ్లి పని చూసుకోమన్నాడు. ఇంకా రెండు స్క్రూలే ఉన్నాయట."

సర్వేయరు తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. నిమిషం తర్వాత ఇంజనీరు మోచేయి పట్టుకుని బయటికి తెచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, మరో చేతిలో ఇత్తడి ప్లేటు. ఈల ఎందుకు వేస్తోందో ఆయనకు చివరిదాకా తెలియలేదు. ఆయనది కాగితం పని.

"నాలుగు స్క్రూలు," అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. పెద్దక్క మాత్రం ఆయన్ని చూసి తల అడ్డంగా ఊపి, తన కొంగు చివర పిండి, ఆవిరి తగిలి ఎర్రబడ్డ ఆయన మణికట్టుకు చుట్టింది. ఆ మంచితనం నాకు లేదు. అందుకే ఆమెను చూసి ముచ్చటేసింది.

*

నాలుగింటికి పోలీసు అధికారి తెచ్చిన కాగితంలో పేరు మార్చాల్సి వచ్చింది. ఆ పని వరండాలోనే అయిపోయింది.

వార్డులోకి ఆడవాళ్లు ఒక్కొక్కరుగా వచ్చారు. డ్యూటీ దుస్తులతోనే, మంచం చుట్టూ నిలబడ్డారు. బాబాయి కట్టు కట్టిన చేయి ఎత్తి ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టాడు. ఏడు దాకా అంకెలు ఆయనకు బాగానే వచ్చు. ఏడు దగ్గర చేయి దించాడు.

"మీరు బతికి ఉన్నారు. నాకు అంతే చాలు," అన్నాడు.

"మేము మీకేం ఇవ్వగలం బాబాయ్," అంది పెద్దక్క. "చేతులు బాగయ్యేదాకా మీ బట్టలు మేం ఉతుకుతాం."

"అది నా బట్టలకి మంచిది కాదు. మీరు గుండీలు పగలగొడతారు."

అందరూ నవ్వారు. కూతురు కూడా. ఆ నవ్వు మధ్యలో సర్వేయరు గుమ్మంలో కనిపించాడు. నవ్వడం లేదు. నన్ను చేయి ఊపి పిలిచి, ఒక చిన్న చీటీ నా చేతిలో పెట్టాడు. ఇంజనీరు జేబులో దొరికిందట. ప్లేట్ల మీద అక్షరాలు చెక్కే దుకాణం వాళ్లు ఇచ్చిన రసీదు. ఆర్డరు వివరం ఒకే వరస. మూడు వందల కిలోవాట్లు, అంగుళం.

సంఖ్య గడిలో ఐదు.

"ఇక్కడ రెండు," అన్నాడు సర్వేయరు నెమ్మదిగా. "మిగతావి ఎక్కడ బిగించారో నోరు విప్పడం లేదు. బిగించింది ఈ పెద్దాయన కాదు. వేరే పనివాళ్లు. వాళ్లు పిడి బయట పెట్టించి ఉండరు."

మేము మెల్లగానే మాట్లాడుకున్నాం. అయినా ఈల వినడం అలవాటైన చెవులు అవి. బాబాయి తల తిప్పి మమ్మల్ని చూశాడు. వార్డులో నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"అమ్మా," అన్నాడు కూతురితో, "చుట్టలో కాగితం ఇంకా మిగిలి ఉందా?"

"ఉంది నాన్నా."

"పెన్సిలు చెక్కి ఈ అమ్మ చేతికియ్యి. ఎంత గట్టిగా రుద్దాలో నేను చెప్తాను." కట్లలో ఉన్న చేతులను ఒకసారి చూసుకుని, నా వైపు చూశాడు. "ఇంకా మూడు అచ్చులు తియ్యాలి."